బస్సు దిగాక మిగిలే రెండు కిలోమీటర్లు

మీరు ముగ్గురు మిత్రులు అడిగింది ఇది: నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి హైదరాబాద్‌కు బస్సుల్లో తిరిగే జనం షేర్ ఆటోలను, బైక్ ట్యాక్సీలను, షేర్ క్యాబులను, కార్ పూలింగ్‌ను ఎట్లా చూస్తారు? అవి పెరిగితే బస్సు వదిలేస్తారా? నల్లగొండలో మేం ఒక చిన్న షటిల్ సర్వీసు పెడితే ఎక్కుతారా?

నేను 1998 నుంచి 2024 దాకా ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. సగం సర్వీసు నల్లగొండ – హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్‌ల మీద, మిగతాది దేవరకొండ వైపు పల్లె వెలుగుల మీద గడిచింది. ఇప్పుడు మా అమ్మాయి కొండాపూర్‌లో ఉంటుంది కాబట్టి నెలకు రెండు మూడుసార్లు నేనే ప్రయాణికురాలిని. టికెట్ కొట్టినప్పుడు విన్నవి, సీట్లో కూర్చున్నాక తెలిసినవి కలిపి చెబుతాను తమ్ముళ్లూ. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

రోజూ బస్సెక్కే మనిషి షేర్ బండిని బస్సుకు పోటీగా చూడడు. బస్సు ఎక్కడ దించి వెళ్లిపోతుందో అక్కడి నుంచి ఇంటి గుమ్మం దాకా మిగిలిపోయే ముక్కకు తోడుగా చూస్తాడు. వంద కిలోమీటర్లు రెండున్నర గంటల్లో వచ్చి, చివరి రెండు కిలోమీటర్లకు ముప్పావు గంట రోడ్డు మీద నిలబడితే ఆ రోజు ప్రయాణం మొత్తం అతనికి చేదుగానే గుర్తుంటుంది. కాబట్టి “షేర్ బండ్లు నచ్చుతాయా, నచ్చవా” అని అడిగితే మీకు సరైన జవాబు రాదు. ఏ ముక్కకు, ఏ వేళప్పుడు, వెంట ఎవరున్నప్పుడు అని అడగాలి. ఉదయం తొమ్మిదింటికి బైక్ ట్యాక్సీ భలే ఉందన్న అమ్మాయే రాత్రి తొమ్మిదింటికి దాని పేరెత్తదు.

ఎల్బీనగర్‌లో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా బస్సు దిగినప్పుడు నాతోపాటు ఒక పెద్దాయన దిగాడు. పంచె, భుజం మీద తువ్వాల, ఒక చేతిలో బియ్యం సంచి, ఇంకో చేతిలో తొక్కు డబ్బా. కొడుకు మణికొండలో ఉంటాడు, అక్కడి నుంచే క్యాబ్ బుక్ చేశాడు. “నాలుగు నంబర్లు చెప్పిండమ్మా, బండాయనకు చెప్పాల్నట, యాదికుంటలేవు” అని నా దగ్గరికి వచ్చాడు. ఆయన బస్సు టికెట్ వెనకనే ఓటీపీ రాసిచ్చాను. ఇక డ్రైవరు కొడుక్కి ఫోను, కొడుకు తండ్రికి ఫోను. “ఏ పిల్లర్ దగ్గరున్నవ్ నాయినా?” అంటే ఈయన సంచి కింద పెట్టి, మెడ పైకెత్తి, మెట్రో పిల్లర్ మీది నంబరు ఒక్కో అంకె చదువుతున్నాడు. డ్రైవరేమో రోడ్డుకు అవతలి పక్కన ఉన్నాడు. ఇరవై నిమిషాలు చూసి క్యాన్సిల్ చేసి వెళ్లిపోయాడు. ఇంకో బండి వచ్చేసరికి మరో పావుగంట. ఎక్కేముందు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. “బస్సయితే దాని జాగల అది ఆగుతది, మనం పోయి ఎక్కుతం. దీనికైతే మనమే దొరకాలె.”

ఇంత సూటిగా ఈ తేడాను నాకు వేరెవరూ చెప్పలేదు. బస్సుకు ఒక స్టేజీ ఉంటుంది. చదువు రానివాళ్లకు కూడా ఆ చెట్టు, ఆ టీ కొట్టు, ఆ మూల గుర్తుంటాయి. యాప్ బండికి స్టేజీ లేదు, మనిషే స్టేజీ. ఫోను వాడకం బాగా వచ్చిన కుర్రవాడికి అది సౌకర్యం. మన జిల్లాల నుంచి బియ్యం సంచితో దిగే తల్లిదండ్రులకు అది టెన్షన్. మీరు యాప్ గురించే ఎక్కువ ఆలోచిస్తున్నట్టున్నారు కాబట్టి ఈ మాట ముందు పెట్టాను.

ఎదురుచూడడం గురించి కూడా ఇదే. జనం ఆలస్యాన్ని ఓర్చుకుంటారు, తెలియకపోవడాన్ని ఓర్చుకోలేరు. బస్సు ఇరవై నిమిషాల్లో వస్తుందని గట్టిగా తెలిస్తే ఒక చాయ్ తాగి వస్తారు. వస్తుందో రాదో తెలియకపోతే ఐదో నిమిషం నుంచే మెడలు చాస్తారు. 2023 ఆగస్టులో ఆర్టీసీ ‘గమ్యం’ యాప్ వచ్చి బస్సు ఎక్కడుందో ఫోన్లో చూపించడం మొదలయ్యాక, కాలేజీ పిల్లలు స్టేజీ దగ్గర నిలబడే తీరే మారింది, నా కళ్లతో చూశాను. షేర్ ఆటో మీద ఉన్న పెద్ద ఫిర్యాదు కూడా ఇదే. కిరాయి గురించి ఎవరూ పెద్దగా గొడవ పడరు, “నిండితేనే కదులుతాడు” అన్నదే బాధ. ముగ్గురు కూర్చున్నాక నాలుగో సవారీ కోసం, నలుగురయ్యాక ఐదో సవారీ కోసం ఇంజను ఆపి కేకలేస్తుంటే, ఎక్కినవాడికి దిగిపోనూ మనసు రాదు, కూర్చోనూ బుద్ధి కాదు.

ఇక డబ్బు. నెల జీతం మీద బతికే ప్రయాణికుడు ట్రిప్పు లెక్క వేయడు, నెల లెక్క వేస్తాడు. ఒక్కరోజుకు షేర్ ఆటో ఇరవై రూపాయలు పెద్దదేం కాదు. పోను ఇరవై, రాను ఇరవై, నెలకు ఇరవై ఆరు రోజులు అంటే వెయ్యి దాటింది. ఆ వెయ్యి దగ్గరే ఆగిపోతారు.

ఆడవాళ్ల విషయంలో ఈ లెక్క 2023 డిసెంబర్ 9న తలకిందులైంది. ఆ రోజు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. నా సర్వీసు చివరి నెలలు మొత్తం జీరో టికెట్లు కొట్టడంతోనే గడిచాయి. బయటివాళ్లు దీన్ని బస్సు ఖర్చు తగ్గడంగానే చూస్తారు. నేను చూసింది ఇంకోటి. బస్సు ఖర్చు సున్నా అయ్యాక, చివరి ముక్కకు ఇచ్చే ఇరవై రూపాయలే ఆ ప్రయాణానికి మొత్తం ఖర్చు అయింది. ఇదివరకు టికెట్టుకు పెద్ద నోటు పెట్టి, ఆటోకు ఇరవై ఇస్తుంటే ఆ ఇరవై కనబడేది కాదు. ఇప్పుడు అదొక్కటే కనబడుతోంది. “నల్లగొండ నుంచి పట్నం దాకా ఉత్తగ వచ్చి, ఈ సందు దాకా ఇరయ్యా?” అని నడిచి వెళ్లే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. మీ సర్వీసుకు ధర పెట్టేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. మగవాళ్లకు ఒక ధర న్యాయంగా అనిపించవచ్చు, అదే ధర పక్కనే ఉన్న ఆడమనిషికి దోపిడీ అనిపించవచ్చు.

ఆటో నడిపేవాళ్ల కష్టం చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. ఊళ్ల నుంచి మండల కేంద్రానికి తిరిగే ఆటోల గిరాకీలో ఎక్కువమంది ఆడవాళ్లే. బస్సు ఉచితమయ్యాక ఆ గిరాకీ బస్సులోకి వచ్చేసింది. మా వాడకట్టులో ఆటో నడిపే తమ్ముడొకడు నన్ను చూసి, “అక్కా, మీ జీరో టికెట్ మా పొయ్యిల నీళ్లు పోసింది” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అతను అబద్ధం చెప్పలేదు. వాయిదాల మీద ఆటో తీసుకున్న మనిషికి రోజుకు నాలుగు ట్రిప్పులు తగ్గితే ఇల్లు ఎట్లా గడుస్తుందో నాకు తెలుసు. అందుకే నేను మీకు మళ్లీ మళ్లీ చెప్పేది, కొత్త బండ్లు కొనేముందు ఉన్న ఆటోవాళ్లతో కూర్చొని మాట్లాడండి.

ఆడవాళ్ల భయం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు ముగ్గురూ మగపిల్లలు, ఇది మీకు వెంటనే తట్టకపోవచ్చు. నిండిన బస్సులో యాభై అరవై మంది పరాయివాళ్ల మధ్య నిలబడ్డ ఆడపిల్లకు ధైర్యం ఉంటుంది. ఎవడైనా చెయ్యి వేస్తే ఆమె గొంతెత్తుతుంది, పక్కనున్న పెద్దామె తోడవుతుంది, కండక్టరు బండి ఆపుతుంది. నేనే ఎన్నిసార్లు బండి ఆపించానో లెక్క లేదు. అదే అమ్మాయిని ముగ్గురు పరాయి మగవాళ్లతో కారులో కూర్చోబెట్టండి, ఊపిరి బిగబట్టుకొని కూర్చుంటుంది. అంటే “షేరింగ్” అన్న మాటకు బస్సులో ఒక అర్థం, కారులో ఇంకో అర్థం. 2020 నవంబర్‌లో కేంద్రం యాప్ బండ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, పూలింగ్‌లో ఆడవాళ్లు ఆడవాళ్లతోనే పంచుకునే వీలు ఇవ్వాలని రాశారు. ఆ మాట రాసినవాళ్లకు విషయం తెలుసు.

పూల్ క్యాబులు, అంటే ఒకే దిక్కుకు పోయే పరాయివాళ్లను యాప్ ఒకే కారులో ఎక్కించే షేర్ క్యాబులు, మన నగరాల్లోకి 2015 నుంచి వచ్చాయి, 2020 మార్చిలో కరోనాతో ఆగిపోయాయి. అవి నడిచిన రోజుల్లో నేను కూడా ఒక యాప్‌లో ఒకసారి ఎక్కాను. ఎల్బీనగర్‌లో ఎక్కితే, నాగోలు దగ్గర ఒకరి కోసం ఒక సందులోకి తిప్పాడు, ఇంకొకరిని దించడానికి ఇంకో కాలనీలోకి వెళ్లాడు. మొత్తం నలభై నిమిషాలు అదనంగా పట్టింది. నాకు చాలా కోపం వచ్చింది. ఇంటికి వెళ్లాక ఆలోచించాను. ఇరవై స్టేజీల్లో ఆగే బస్సులో ఏళ్లకేళ్లు బతికినదాన్ని, రెండు మలుపులకే ఎందుకంత కోపం? బస్సు ఆగే చోట్లు ముందే తెలుసు, అవి అందరివీ. క్యాబు ఆ సందులోకి తిరిగినప్పుడు నా సమయం తీసి ఎవరో ఒక్కరికి ఇచ్చినట్టు అనిపించింది, పైగా నన్ను అడగకుండా. అలవాటైన బస్సు ప్రయాణికులు పూల్ క్యాబుల మీద చిరాకు పడడానికి అసలు కారణం ఇదే అనుకుంటాను. అదే కారు ఒకే రోడ్డు మీద, చెప్పిన నాలుగు చోట్ల మాత్రమే ఆగుతూ పోయి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు.

బైక్ ట్యాక్సీ గురించి త్వరగా చెప్పేస్తాను. ఒంటరిగా, చేతిలో సంచి లేకుండా, పగటిపూట, ముప్పై ఏళ్ల లోపువాళ్లకు ఇది బాగా నచ్చింది. మెట్రో దిగి ఆఫీసుకు పోయేవాళ్లలో ఎక్కువమంది వాడేది ఇదే. చీర కట్టిన పెద్దవాళ్లకు, పిల్లనెత్తుకున్న తల్లికి, సంచులతో వచ్చేవాళ్లకు ఇది లేనట్టే. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. చాలా బండ్లకు తెల్ల నంబరు ప్లేటే ఉంటుంది, అంటే సొంత వాడకానికి రిజిస్టర్ అయినవి. అట్లాంటి బండి కిరాయికి తిరుగుతూ ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్‌కు అడ్డం చెప్పే అవకాశం ఉంది. ఎక్కేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. 2025 జులైలో కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో, రాష్ట్ర ప్రభుత్వాలు ఒప్పుకుంటే సొంత బైకులను కూడా యాప్‌ల ద్వారా వాడుకోవచ్చని చేర్చారు.

ఆ మార్గదర్శకాల్లోనే ఇంకో అంశం ఉంది, జనం ఎక్కువగా మండిపడేది దాని మీదే. రద్దీ వేళల్లో యాప్‌లు బేస్ కిరాయికి రెండింతల దాకా తీసుకోవచ్చు. 2020 నాటి మార్గదర్శకాల్లో అది ఒకటిన్నర రెట్లే. కండక్టరుగా నాకు తెలిసిన జనం, రేటు ఎంతైనా సరే, టికెట్ మీద రాసి ఉంటే ఒప్పుకుంటారు. వాన పడగానే అదే దూరానికి రేటు పెరిగితే అది వాళ్లకు ధరలాగా కాకుండా, తమ అవసరం కనిపెట్టి పిండినట్టుగా తోస్తుంది. బతుకమ్మ, దసరా రోజుల్లో ఎల్బీనగర్‌లో నిలబడి ఈ మాట పదిమందిని అడగండి, పదిమందీ ఒకటే చెబుతారు.

కార్ పూలింగ్ వేరే కథ. శుక్రవారం సాయంత్రం హైటెక్ సిటీ నుంచి నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వచ్చి, సోమవారం తెల్లవారుజామున తిరిగి పోయే ఉద్యోగుల్లో ఇది బాగా నడుస్తోంది. వాట్సాప్ గ్రూపుల్లో మాట్లాడుకుంటారు, ఒకే ఊరివాళ్లు కాబట్టి నమ్మకం ఉంటుంది. మా అమ్మాయి కూడా అట్లా వస్తుంది, అయితే కారువాళ్లు మా బంధువులకు తెలిసినవాళ్లయితేనే. ఇక్కడ నమ్మకం యాప్ రేటింగ్ వల్ల రాలేదు, “మీది ఏ ఊరు, ఎవరి అబ్బాయివి” అన్న ప్రశ్న వల్ల వచ్చింది. కారు ఆయన ప్రోగ్రాం మారితే మాత్రం వీళ్లంతా ఆదివారం రాత్రి పదింటికి బస్సు సీట్ల కోసం వెతుక్కుంటారు. బస్సు ఉందిలే అన్న ధీమా వెనక ఉంది కాబట్టే పూలింగ్ ధైర్యంగా చేస్తున్నారు.

ఈ ధీమా గురించి నాకు 2019లో బాగా అర్థమైంది. ఆ ఏడాది అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మె యాభై రోజులకు పైగా సాగింది. నేను కూడా సమ్మెలో ఉన్నాను. ఆ రోజుల్లో ఇంటి పని మీద తిరగాల్సి వచ్చి షేర్ ఆటోలు, జీపులు, తుఫాన్ బండ్లు ఎక్కాను. ఎప్పుడూ ఇరవై తీసుకునే దారికి నలభై అడిగారు, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ. నాకు తెలిసిన డ్రైవరే, “బస్సులు లేవు కదక్కా” అన్నాడు. అందులో దాపరికమేం లేదు. పక్కన బస్సు నడుస్తున్నంతకాలమే షేర్ ఆటో చవక. బస్సు పోతే అది కూడా చవకగా ఉండదు. ఈ సంగతి మన ప్రయాణికులకు నాకంటే బాగా తెలుసు. అందుకే వాళ్లు షేర్ ఆటో ఎక్కుతూ కూడా, మా ఊరికి ఇంకో బస్సు ట్రిప్పు కావాలని డిపోకు అర్జీ పెడతారు. బయటి నుంచి చూస్తే రెండూ కుదరవనిపిస్తుంది కానీ, వాళ్ల లెక్కలో రెండూ ఒకదానికొకటి అవసరం.

మరి బస్సు వదిలేస్తారా అంటే, దూరపు బస్సు వదలరు. సిటీ లోపల రెండు మూడు కిలోమీటర్లకు ఎక్కే బస్సును మాత్రం కుర్రవాళ్లు చాలామంది ఇప్పటికే వదిలేశారు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ వాళ్లు ఏడు పెద్ద నగరాల్లో అడిగి 2017లో ఒక నివేదిక ఇచ్చారు. యాప్ బండ్లు వాడేవాళ్లలో సిటీ బస్సు వాడకం 6 శాతం తగ్గింది, శివార్ల నుంచి వచ్చే దూరపు రైళ్ల వాడకం మాత్రం 3 శాతం పెరిగింది. మా అమ్మాయి దీన్ని చదివి వినిపిస్తే నాకు ఆశ్చర్యం వేయలేదు. వాళ్ల దూరపు రైలు స్థానంలో మన ఎక్స్‌ప్రెస్‌ను పెట్టి చూస్తే, నేను టికెట్ కొడుతూ చూసిన లెక్క కూడా ఇంచుమించు అదే. దిగాక ఏదో ఒకటి దొరుకుతుందన్న నమ్మకం ఉంటే దూరపు బస్సు ఎక్కుతారు.

అయితే ఆ “ఏదో ఒకటి” అన్ని దిక్కులా ఒక్కలాగా లేదు. నల్లగొండ బస్సు చౌటుప్పల్, హయత్‌నగర్ మీదుగా ఎల్బీనగర్‌లో దించితే ఎదురుగా మెట్రో ఉంది. ఆ లైను 2018 సెప్టెంబర్‌లో మొదలైంది. అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా పోవచ్చు, నేను వెళ్లేది అట్లాగే. రాయదుర్గం నుంచి కొండాపూర్‌కు మాత్రమే నాకు షేర్ ఆటో కావాలి. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు ఈ అదృష్టం లేదు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చి ఆరాంఘర్ చౌరస్తాలో దిగితే అక్కడ మెట్రో లేదు. మెహిదీపట్నం వైపు, గచ్చిబౌలి వైపు పోవాలంటే సిటీ బస్సు, లేకపోతే షేర్ ఆటో. భవనాల పనికి వచ్చే పాలమూరు కూలీలు తట్టా పారా, వంట గిన్నెలతో గుంపుగా దిగుతారు. వాళ్లు ఐదారుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకుంటారు. యాప్‌లు పుట్టకముందు నుంచీ వాళ్లు చేస్తున్నది షేరింగే. కాబట్టి నల్లగొండ మనిషి, పాలమూరు మనిషి షేర్ ఆటో గురించి ఒకే మాట చెప్పరు. ఒకరికి అది మెట్రో తర్వాత వచ్చే చిన్న ముక్క, ఇంకొకరికి అదే సగం ప్రయాణం.

చట్టం సంగతి కూడా తెలుసుకొని దిగండి. 1988 మోటారు వాహనాల చట్టంలో స్టేజీ క్యారేజీ వేరు, కాంట్రాక్టు క్యారేజీ వేరు. దారి పొడవునా ఎక్కించుకుంటూ, దించుకుంటూ, విడివిడిగా టికెట్ తీసుకునేది మొదటిది. ఒక బేరం మాట్లాడుకొని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తీసుకెళ్లేది రెండోది. ఆటోకు, క్యాబుకు ఉండేది రెండో రకం పర్మిట్. షేర్ ఆటో బస్సులాగా తిరగడం వాడుకలో ఉంది కానీ, పర్మిట్ ప్రకారం అది సరైనది కాదు. మీరు రూటు పెట్టి, స్టేజీలు పెట్టి, తలకింత అని తీసుకుంటే అధికారులు అడుగుతారు. రవాణా శాఖ ఆఫీసుకు ముందే వెళ్లి రాతపూర్వకంగా మాట్లాడుకోండి. సీట్ల లెక్క అసలు తప్పొద్దు. 2021 జనవరిలో పీఏపల్లి మండలం అంగడిపేట దగ్గర కూలి పనికి వెళ్లి వస్తున్న ఆడవాళ్ల ఆటోకు జరిగిన ప్రమాదం మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. కిక్కిరిసిన ఆటోను చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో దేవుతుంది. మీ బండిలో ఆరు సీట్లుంటే ఏడో మనిషిని, మీ మేనమామైనా సరే, ఎక్కించొద్దు.

ఇప్పుడు మీ షటిల్. పిలిస్తే వచ్చే చిన్న బస్సుల ఆలోచన కొత్తది కాదు. ఫిన్లాండ్‌లో హెల్సింకి రవాణా సంస్థే 2012లో ‘కుట్సుప్లస్’ అని ఇట్లాంటిది పెట్టింది. ఫోన్లో పిలిస్తే పదిహేను చిన్న బస్సులు జనాన్ని కలుపుకుంటూ వెళ్లేవి. ఎక్కినవాళ్లు మెచ్చుకున్నారు. అయినా 2015 చివర ఆపేశారు. ఒక్కో ప్రయాణం మీద సంస్థ పెట్టుకోవాల్సిన ఖర్చు ఎక్కువ, అది తగ్గాలంటే చాలా బండ్లు పెంచాలి, దానికి డబ్బు లేదు. అంత డబ్బున్న నగరమే మోయలేకపోయింది కాబట్టి, మీరు ఊరంతా తిరిగే సర్వీసు జోలికి పోవద్దు. పగటిపూట నల్లగొండలో ఆటోలకు కొదవ లేదు. క్లాక్ టవర్ నుంచి, ప్రకాశం బజార్ నుంచి పది, ఇరవైకి ఎటైనా పోతారు.

లోటు ఉన్నది రాత్రి. హైదరాబాద్ నుంచి వచ్చే చివరి బస్సులు నల్లగొండ బస్టాండులోకి వచ్చే వేళకు షేర్ ఆటోలు ఇళ్లకు వెళ్లిపోయి ఉంటాయి. మిగిలిన ఒకటి రెండు ఆటోలు ఒక్కరికే వంద, నూటయాభై అడుగుతాయి. పానగల్ వైపు, మర్రిగూడ బైపాస్ వైపు, రామగిరి వైపు పోయేవాళ్లు అక్కడే నిలబడి ఇంట్లోవాళ్లకు ఫోన్లు చేస్తుంటారు. అన్ననో నాన్ననో నిద్ర లేచి బైకు తీసుకొని వస్తారు. డ్యూటీ దిగి డిపోలో డబ్బు కట్టి బయటికి వచ్చేటప్పుడు ఆ ఎదురుచూసే మొహాలను ఏళ్లకేళ్లు చూశాను. ఒక్కోసారి ఒంటరి ఆడపిల్ల ఉంటే వాళ్ల నాన్న వచ్చేదాకా పక్కనే కూర్చునేదాన్ని. అక్కడ రెండు బండ్లు, ఒక్కోటి ఒక దిక్కుకు, చివరి బస్సు ఎంత ఆలస్యమైనా అది వచ్చేదాకా ఆగి, బోర్డు మీద రాసిన రేటుకే తీసుకెళ్తే జనం తప్పకుండా ఎక్కుతారు. యాప్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఒక ఫోన్ నంబరు చాలు. డ్రైవరు ఊళ్లో తెలిసిన మనిషై ఉండాలి, వీలైతే ఇప్పుడు గిరాకీ లేక కూర్చున్న ఆటోవాళ్లలోంచే తీసుకోండి. వాళ్లకు నెలకు ఇంత అని కట్టివ్వండి. ట్రిప్పుకు ఇంత అని ఇస్తే, బండి నిండేదాకా కదలని పాత అలవాటే మళ్లీ వస్తుంది.

బండి తీయకముందు ఒక వారం రోజులు మీ ముగ్గురూ ఒక నోటుబుక్కు పట్టుకొని రాత్రి తొమ్మిదిన్నర నుంచి చివరి బస్సు దాకా బస్టాండులో ఉండండి. దిగిన ప్రతి మనిషినీ “ఎక్కడికి పోవాలి, ఇప్పుడు ఎట్లా పోతున్నారు, ఎంత ఇస్తున్నారు” అని మూడే ముక్కలు అడిగి రాసుకోండి. శుక్రవారం, ఆదివారం లెక్క మిగతా రోజులతో కలపకుండా విడిగా పెట్టండి. ఆడవాళ్లను అడగడానికి మీతోపాటు ఒక అక్కనో చెల్లెనో తీసుకురండి, మీరు అడిగితే సగం మంది ఇంటి దిక్కు చెప్పరు. ఎవరూ దొరక్కపోతే నేను వస్తాను. మా ఇల్లు బస్టాండుకు దగ్గరే, రాత్రి పదకొండు దాటడం నాకు కొత్త కాదు.